సగం నిజంతో చెప్పే జవాబు

కూల్‌డ్రింకుల్లో చక్కెర గురించి పత్రికల్లో వార్త వస్తే కంపెనీల జవాబు ఎప్పుడూ దాదాపు ఒకేలా ఉంటుంది. బరువు పెరగడానికి కారణాలు చాలా ఉన్నాయి, ఒక్క పానీయాన్నే తప్పుపట్టకూడదు, కేలరీల్ని తిన్నంత ఖర్చు చేస్తే సరిపోతుంది. విడివిడిగా చూస్తే వీటిలో చాలా మాటలు నిజమే అనిపిస్తాయి. అందుకే చదివినవాళ్లు తేలిగ్గా ఒప్పుకుంటారు.

లెక్క చూద్దాం. 355 మిల్లీలీటర్ల మామూలు కోలా డబ్బాలో సుమారు 39 గ్రాముల చక్కెర ఉంటుంది. దాదాపు పది చెంచాలు, 140 కేలరీలు. రోజుకు 2,000 కేలరీలు తినే మనిషికి ఇలా కలిపిన చక్కెర, పళ్లరసాల్లోది కూడా కలుపుకుని, 50 గ్రాములు దాటకూడదనేది ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో పెట్టిన హద్దు. అందులో సగానికి తగ్గిస్తే ఇంకా మేలు అంది. డబ్బా ఖాళీ చేయడానికి ఐదు నిమిషాలు చాలు. ఆ కేలరీలు ఖర్చవ్వాలంటే చాలామంది అరగంటైనా చురుగ్గా నడవాలి. పైగా తాగిన తీపి, నమిలి తిన్న తిండిలాగా ఆకలిని చల్లార్చదు. తర్వాతి భోజనంలో మనం ఆ మేరకు తగ్గించుకోం. "తిన్నంత ఖర్చు" అనే వాదంలో ఈ సంగతి ఎక్కడా రాదు.

అదే వాదాన్ని శాస్త్రవేత్తలు కూడా వినిపించారు. అమెరికాలో గ్లోబల్ ఎనర్జీ బ్యాలెన్స్ నెట్‌వర్క్ అనే సంస్థ, అందరూ తిండి మీదే దృష్టి పెట్టి వ్యాయామాన్ని వదిలేస్తున్నారని ప్రచారం చేసింది. దాన్ని మొదలుపెట్టడానికి కోకాకోలా 15 లక్షల డాలర్లు ఇచ్చిందని 2015 ఆగస్టులో న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది. గొడవ ముదిరాక కొలరాడో విశ్వవిద్యాలయం, ఆ సంస్థ కోసం కోకాకోలా నుంచి తనకొచ్చిన 10 లక్షల డాలర్లు వెనక్కి ఇచ్చేసింది. ఏడాది తిరక్కుండానే సంస్థ మూతపడింది. ఐదేళ్లలో పరిశోధనలకు, ఆరోగ్య కార్యక్రమాలకు దాదాపు 12 కోట్ల డాలర్లు ఇచ్చామని కంపెనీయే ఆ సెప్టెంబరులో చెప్పింది.

డబ్బు తీసుకున్న ప్రతి శాస్త్రవేత్తా అబద్ధం చెప్తాడని నేను అనను. కానీ 2013లో ప్లాస్ మెడిసిన్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక పరిశీలన చదివాక మనసు కుదుటపడదు. తీపి పానీయాలకూ బరువుకూ ఉన్న సంబంధంపై అప్పటిదాకా వచ్చిన సమీక్షల్ని, అంటే పాత అధ్యయనాల్ని కలిపి చూసి నిర్ధారణ చెప్పే వ్యాసాల్ని, అందులో పోల్చి చూశారు. పరిశ్రమతో లావాదేవీలు లేని 12 నిర్ధారణల్లో 10 ముప్పు ఉండవచ్చన్నాయి. పరిశ్రమతో సంబంధం ఉన్న ఆరింటిలో ఐదు మాత్రం ఆధారాలు చాలవన్నాయి. అందరి ముందూ ఉన్నది ఇంచుమించు అవే అధ్యయనాలు! మామూలు పాఠకుడికి ఇందులో ఏది నమ్మాలో ఎలా తెలుస్తుంది? "శాస్త్రవేత్తల్లోనే ఏకాభిప్రాయం లేదు" అనుకుని వదిలేస్తాడు. నన్ను బాధపెట్టేది ఇదే.

బ్రిటన్ వేరే దారి పట్టింది. పానీయంలో చక్కెర ఎంతుంటే దాన్నిబట్టి కంపెనీల మీద పన్ను వేస్తామని 2016లో ప్రకటించి, 2018 ఏప్రిల్ నుంచి అమలు చేసింది. 100 మిల్లీలీటర్లకు 5 గ్రాముల లోపు ఉంటే పన్ను లేదు. అమలు తేదీ రాకముందే చాలా కంపెనీలు తమ పానీయాల్లో చక్కెరను ఆ గీత కిందికి దించేశాయి.