హెచ్చరిక త్రికోణం వెనక పేటెంట్ గొడవ

కాశీబుగ్గలో ఒక జీడి యూనిట్‌. బాయిలర్ పక్కన గోడకు మాన్యువల్‌లోని ఒక పేజీ జిరాక్స్ తీసి అంటించారు. ‘ఆవిరి పూర్తిగా వదిలాకే మూత తియ్యండి’ అన్న వాక్యం చక్కగా చదవొచ్చు. పక్కనున్న త్రికోణం మాత్రం అంచులు మెట్లు మెట్లుగా విరిగి, లోపలి ఆశ్చర్యార్థకం అలుక్కుపోయి నల్లటి ముద్దగా మిగిలింది. చదువు అంతగా రానివాళ్లకు ముందు కనపడాల్సింది ఆ గుర్తే.

తప్పు జిరాక్స్ మెషీన్ మీద వేస్తాం కానీ, అసలు కథ స్టైల్‌షీట్‌లో, అంటే పేజీలో ఏది ఎలా కనపడాలో చెప్పే ఫైల్‌లో ఉంటుంది. పెద్ద మాన్యువల్స్‌ చాలావాటిలో రచయిత బొమ్మ పెట్టడు. ‘ఇది వార్నింగ్’ అని ట్యాగ్ వేస్తాడంతే, గుర్తును స్టైల్‌షీట్ తెచ్చి అతికిస్తుంది. 1991లో హాల్ కంప్యూటర్ సిస్టమ్స్, పుస్తకాల సంస్థ ఓరైలీ కలిసి మొదలుపెట్టిన డాక్‌బుక్ ఇలా ట్యాగులతో మాన్యువల్స్ రాసే పద్ధతే. నోట్, టిప్, ఇంపార్టెంట్, కాషన్, వార్నింగ్ అని అందులో చాలాకాలం ఐదు రకాల హెచ్చరికలు ఉండేవి. డీఎస్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే భాషలో రాసిన దాని పాత స్టైల్‌షీట్లలో ఐకాన్ ఫైల్ పేరు చివర ‘డాట్ జిఫ్’ అని, అంటే జిఫ్ రకం బొమ్మ అని, నేరుగా రాసి ఉండేది.

అప్పట్లో జిఫ్ తప్ప గతి లేదు. 1987లో కంప్యూసర్వ్ అనే ఆన్‌లైన్ సేవల కంపెనీ తెచ్చిన ఆ ఫార్మాట్‌లో 256 రంగులే ఉన్నా, ఇంత చిన్న ఐకాన్‌కు అవి చాలు. చిక్కల్లా బొమ్మను కుదించే ఎల్‌జెడ్‌డబ్ల్యూ పద్ధతిది. దాని పేటెంట్ యూనిసిస్ అనే కంప్యూటర్ కంపెనీ చేతిలో ఉంది. 1994 డిసెంబర్ చివర్లో, జిఫ్ వాడే సాఫ్ట్‌వేర్లు లైసెన్స్ తీసుకోవాలన్న ప్రకటన వచ్చింది. ఏడేళ్లు ఊరుకుని అందరికీ అలవాటయ్యాక బిల్లు పంపినట్టు! నెట్‌లో పెద్ద రగడే అయింది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ తయారుచేసే గ్నూ ప్రాజెక్ట్ తన వెబ్‌సైట్‌లో జిఫ్‌లు పెట్టనే పెట్టనంది. 1995 జనవరిలో థామస్ బౌటెల్ మొదలుపెట్టిన చర్చలోంచి జిఫ్‌కు బదులుగా పీఎన్‌జీ ఫార్మాట్ పుట్టింది. 1996 అక్టోబర్ 1న వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ దానికి ఆమోదముద్ర వేసింది.

ఆ తర్వాత ఎక్స్‌ఎస్‌ఎల్ అనే కొత్త భాషలో వచ్చిన డాక్‌బుక్ స్టైల్‌షీట్లలో ఎక్స్‌టెన్షన్‌ను, అంటే ఫైల్ పేరు చివరి ముక్కను, కావాలంటే మార్చుకునేలా విడిగా ఒక పారామీటర్ చేశారు. వెబ్ పేజీలకు డీఫాల్ట్ పీఎన్‌జీ. అక్కడితో కథ సుఖాంతమా అంటే కాదు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 పీఎన్‌జీలోని సగం పారదర్శకతను సరిగా చూపించేది కాదు, ఐకాన్ చుట్టూ బూడిదరంగు డబ్బా వచ్చేది. 2006లో ఏడో వెర్షన్ వచ్చేదాకా చాలామంది జిఫ్‌నే వదల్లేదు. ఈలోగా 2003 జూన్ 20న అమెరికాలో ఆ పేటెంట్ గడువు తీరిపోయింది కూడా.

ఇంత గొడవలోనూ కాగితం సంగతి ఎవరూ పట్టించుకోలేదని నాకనిపిస్తుంది. జిఫ్ పోయి పీఎన్‌జీ వచ్చినా, రెండూ పిక్సెళ్లనే చుక్కలతో చేసిన బొమ్మలే. 24 పిక్సెళ్ల ఐకాన్‌ను 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల చొప్పున అచ్చేస్తే వెడల్పు 2 మిల్లీమీటర్లు! సాగదీసి 8 మిల్లీమీటర్లు చేస్తే ఒక్కో పిక్సెల్ మిల్లీమీటర్‌లో మూడో వంతు అవుతుంది, అప్పుడు మెట్లు కంటికి కొట్టొచ్చినట్టు కనపడతాయి. జిరాక్స్‌కు జిరాక్స్ తీస్తే ఇక చెప్పక్కర్లేదు.

దీనికి మందు 2001 సెప్టెంబర్‌లోనే వచ్చింది. అదే ఎస్‌వీజీ అనే బొమ్మల ఫార్మాట్. అందులో ఉండేవి చుక్కలు కావు, గీతలు, వంపుల కొలతలు కాబట్టి ఎంత పెంచినా అంచు చెదరదు. పీడీఎఫ్ తయారుచేసే అపాచీ ఎఫ్‌ఓపీ లాంటి సాఫ్ట్‌వేర్లు దాన్ని గీతలుగానే అచ్చుదాకా తీసుకెళ్తాయి. బ్రౌజర్ల వైపు మాత్రం ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 2011లో తొమ్మిదో వెర్షన్‌తో గానీ దారికి రాలేదు. ఆ పదేళ్లలో పాత ఐకాన్ల ఫోల్డర్‌ను ఒక ప్రాజెక్ట్ నుంచి ఇంకో ప్రాజెక్ట్‌కు కాపీ చేసుకోవడం అలవాటైపోయింది. ఆ అలవాటు ఇంకా పోలేదు.

ఇప్పుడు ఎస్‌వీజీ పెట్టకపోవడానికి సాకు లేదు. ఫోల్డర్‌లో ఫైళ్లు మార్చి, ఎక్స్‌టెన్షన్ పారామీటర్‌లో ఒక్క మాట దిద్దితే సరిపోతుంది. రంగు సంగతి వేరే చూసుకోవాలి. పసుపు నలుపు-తెలుపు కాపీలో దాదాపు తెల్లగా వచ్చేస్తుంది కనుక త్రికోణానికి నల్ల అంచు మందంగా ఉండాలి. జీడి పెంకు నూనె తగిలితే చర్మం కాలుతుందని చెప్పే పేజీలో అయితే మరీనూ.