క్వార్ట్జ్ సెన్సర్ మీద వెలుగు వేస్తే: అపోహలు - వాస్తవాలు

క్వార్ట్జ్ సెన్సర్ అంటే బంగారు పూత ఉన్న, కంపించే క్వార్ట్జ్ పలక. దాని మీది పొర బరువు తగ్గితే కంపన ఫ్రీక్వెన్సీ పెరుగుతుంది. ఇక్కడ ఆ పొర, నీటిలో ఉన్న పాలిమర్ ఫిల్మ్. అందులో అజోబెంజీన్ అనే రంగు అణువు ఉంటుంది, యూవీ పడితే అది ట్రాన్స్ రూపం నుంచి సిస్ రూపానికి మారుతుంది.

అపోహ: యూవీ వేయగానే ఫ్రీక్వెన్సీ పెరిగిందంటే ఫిల్మ్‌లోని అజోబెంజీన్ రూపం మారి, ఫిల్మ్ నీటిని వదిలేసినట్టే.

వాస్తవం: ముందు అనుమానించాల్సింది వేడిని. సెన్సర్ మీది బంగారు పూత 365 నానోమీటర్ల యూవీనీ, 450 దగ్గరి నీలి వెలుగునూ బాగానే పీల్చుకుంటుంది. దాన్ని ఆనుకున్న నీరు వెచ్చబడి పలచబడుతుంది. నీటిలో ఉన్న 5 మెగాహెర్ట్జ్ క్రిస్టల్‌కు, ఒక్క డిగ్రీ పెరిగితే, నీటి స్నిగ్ధత తగ్గడం వల్లనే ఫ్రీక్వెన్సీ సుమారు 8 హెర్ట్జ్ పెరుగుతుంది, డిసిపేషన్ (కంపనం ఎంత శక్తిని కోల్పోతుందో చెప్పే కొలత) దాదాపు 3×10⁻⁶ తగ్గుతుంది. మెత్తటి ఫిల్మ్ నీరు వదిలి బిగుసుకున్నా రెండూ ఇటే కదులుతాయి! ఆ 8 హెర్ట్జ్‌ను, ఫ్రీక్వెన్సీ మార్పును బరువుగా మార్చే సావర్‌బ్రే సూత్రంలో వేస్తే, చదరపు సెంటీమీటరుకు 140 నానోగ్రాములు పోయినట్టు లెక్క తేలుతుంది. పోయింది మాత్రం ఏమీ లేదు.

తేడా పట్టుకోవాలంటే దీపం ఆర్పండి. వేడి సంకేతమైతే కొద్ది నిమిషాల్లో బేస్‌లైన్‌కు దిగిపోతుంది. సాధారణ అజోబెంజీన్ సిస్ రూపం చీకట్లో గంటల తరబడి నిలుస్తుంది, నీలి వెలుగు వేస్తేనే త్వరగా వెనక్కి వస్తుంది. (క్షణాల్లో తిరిగొచ్చే పుష్-పుల్ రకాలకు ఈ పరీక్ష పనికిరాదు.) తర్వాత అదే తీవ్రతతో వట్టి బంగారు సెన్సర్‌నూ, రంగు అణువు లేని అదే పాలిమర్ ఫిల్మ్‌నూ కొలవండి. ఈ రెండూ లేని గ్రాఫ్‌ను మేం నమ్మం.

అపోహ: సావర్‌బ్రే సూత్రం చాలు.

వాస్తవం: అది పలుచని, గట్టి పొరకు. ఓవర్‌టోన్ (మూల ఫ్రీక్వెన్సీకి బేసి రెట్లలో వచ్చే కంపనం) సంఖ్యతో భాగించిన ఫ్రీక్వెన్సీ మార్పులు 3, 5, 7లలో ఒకదానిమీద ఒకటి పడితే వాడుకోవచ్చు. విడిపోతే విస్కోఎలాస్టిక్ మోడల్ (మెత్తగా, జిగటగా ఉండే పొరకు తగిన లెక్క) కావాలి. పైగా తూగేది పాలిమర్ ఒక్కటే కాదు, దానితోపాటు కదిలే నీరు కూడా.

అపోహ: ఎక్కువసేపు యూవీ వేస్తే అణువులన్నీ సిస్ అవుతాయి.

వాస్తవం: కావు. సిస్ కూడా అదే వెలుగును పీల్చి కొంత వెనక్కి మారుతుంది, ఒక నిష్పత్తి దగ్గర ఆగుతుంది.

అపోహ: తీవ్రత పెంచితే సంకేతం స్పష్టమవుతుంది.

వాస్తవం: స్పష్టమయ్యేది వేడే. తీవ్రత తగ్గించి, సమయం పెంచండి. బఫర్‌లోని (సెన్సర్ మీద పారే ద్రావణంలోని) గాలిని ముందే తీసేయండి. లేకపోతే వెచ్చబడ్డ చోట బుడగ కట్టి, ఫ్రీక్వెన్సీ ఒక్కసారిగా ఎగిరిపోతుంది.