చాటు కోసం పెంచే దడి

చిరంజీవులకు ఆశీస్సులు.

కావలిలో కొత్త ఇంటి ప్రహరీ నడుమెత్తే ఉందని, తుమ్మలపెంట రోడ్డున పోయేవాళ్లందరికీ వరండా కనిపిస్తోందని, తొందరగా ఎదిగే మొక్క ఏదైనా చెప్పమని రాశారు. గోడ ఎత్తు పెంచకుండా దడి పెంచుదామన్న ఆలోచన నాకు ఎంతో నచ్చింది. ఆ తొందర ఒక్కటి మాత్రం మానుకోండి. తొందరగా ఎదిగే మొక్క పైకి పోతుంది, మనకు చాటు కావలసింది కింద.

ముందు ఎంత చాటు కావాలో చూసుకోండి. ఒకరు వరండాలో కూర్చోండి, ఇంకొకరు రోడ్డు మీద నడవండి. నడిచేవారి కళ్లు ఎక్కడి నుంచి ఎక్కడి దాకా కనిపిస్తాయో దడి అంతవరకే కావాలి. ఎత్తు అయిదారు అడుగులు చాలు. పక్కింటి మేడ మీది చూపుకు ఏ దడీ అడ్డురాదు. అక్కడ పందిరి వేసి రాధామనోహరం పాకించండి.

నర్సరీలో చూపించిన కోనోకార్పస్ వద్దు. దాని వేళ్లు తడి వెతుక్కుంటూ నీళ్ల గొట్టాల్లోకి, కాలువల్లోకి చొరబడతాయి. 2023లో గుజరాత్ అటవీశాఖ దాన్ని నాటవద్దని నిషేధించింది. సర్కారు తుమ్మ సంగతి మీరు రోజూ చూస్తున్నదే. 1877 ప్రాంతంలో మన పక్క కడప జిల్లాలో నాటిన ఆ విదేశీ చెట్టు, మేకలూ పశువులూ కాయలు తిని గింజలు చల్లగా, ఇప్పుడు చెరువులను, బీళ్లను ఆక్రమించింది. కంచే చేను మేయడమంటే అదే.

రోడ్డు వైపు గోరింట వేయండి. ఎండకు, నీటి ఎద్దడికి ఓర్చుకుంటుంది, పూత వేళ వాసన ఇల్లంతా వస్తుంది, ఆషాఢంలో మీరు ఆకు కోసినా తిరిగి చిగురిస్తుంది. మేకలు తిరిగే సందు వైపు అడ్డసరం మంచిది. చేదుకు మేక మూతి పెట్టదు. వెనక వైపు దొంగ భయం ఉంటే వాక నాటండి. గట్టి ముళ్లు కంచెకు, కాయలు పప్పుకు, పచ్చడికి. మందార అందమే గానీ పిండినల్లి పడితే దడి మొత్తం ముడుచుకుపోతుంది. గన్నేరు, నేపాళం మాత్రం అసలు వద్దు. గన్నేరులో ప్రతి భాగమూ విషమే. నేపాళం గింజలు తిని పిల్లలు వాంతులతో ఆసుపత్రి పాలవుతుంటారు. మీ ఇంట్లో చంటివాడు పాకుతున్నాడు.

దడి చిక్కబడేది కత్తెరతోనే. మొక్క కొసన ఉన్న మొగ్గలో ఆక్సిన్ అనే హార్మోను పుట్టి కాండం వెంట కిందికి దిగుతుంది. అది దిగుతున్నంత కాలం పక్క మొగ్గలు ఎదగవు. గోరింట కొమ్మ ఒకటి చేతిలోకి తీసుకుని చూడండి. ఆకులు ఎదురెదురుగా జంటగా ఉంటాయి, ఒక్కొక్క ఆకు మొదట్లో ఆవగింజంత మొగ్గ దాగి ఉంటుంది. ఆ జంటకు కాస్త పైన కత్తిరిస్తే, కొన్ని రోజులకు రెండు వైపులా రెండు చిగుళ్లు వస్తాయి. వాటి కొసలు కోస్తే నాలుగు. అందుకే మొక్క మోకాలెత్తు రాగానే సగానికి కోసేయాలి. ముద్దుగా పెంచినదాన్ని కోయడానికి చేయి రాదు. అయినా కోయండి, అప్పుడు కోయకపోతే కింద బోసిపోయిన కాండాలే మిగులుతాయి, తర్వాత ఎంత కోసినా అక్కడ అంత చిక్కగా కొమ్మలు రావు. పెద్దయ్యాక కూడా అడుగు వెడల్పుగా, తల సన్నగా ఉండేలా కత్తిరించాలి. తల గుబురైతే దాని నీడలో కింది ఆకు రాలిపోతుంది.

నాటడానికి తొలకరి కోసం చూడకండి. నెల్లూరు జిల్లాకు ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపే, ఈశాన్య ఋతుపవనాలతో వస్తుంది. వినాయక చవితి దాటాక అడుగు వెడల్పు, అడుగున్నర లోతు కందకం తీసి, చివికిన పశువుల ఎరువు మట్టిలో కలిపి ఉంచండి. మొదటి మంచి వాన పడగానే రెండు వరుసల్లో, అడుగుకొకటి చొప్పున, ఒక వరుస సందుకు రెండో వరుస మొక్క వచ్చేలా నాటండి. ముప్పై అడుగుల పొడవుకు అరవై మొక్కలు కావాలి. మొదటి ఎండాకాలం పడమటి గాలి మొదలయ్యే ముందే మొదళ్ల చుట్టూ వరిగడ్డి పరవండి, వారానికి రెండు తడులు తప్పనివ్వకండి.

గోరింట, అడ్డసరం కొమ్మలు కత్తిరించి కవర్లలో పెట్టే పని నేను చూసుకుంటాను. మీరు గోడ పొడవు, గేటు వెడల్పు కొలిచి ఈ వారంలోగా రాయండి.

మీ తాతయ్య