పారిశ్రామిక వాడకు నేల: మ్యాపులో రంగు నుంచి సిద్ధమైన ప్లాటు దాకా

నగరాల మాస్టర్ ప్లాన్లలో పరిశ్రమలకు కేటాయించిన నేలను సాధారణంగా ఊదా రంగులో చూపుతారు. ఆ రంగు ఎన్ని ఎకరాల్లో పరుచుకుందో చెప్పి భూమికి కొరత లేదనడం పాలకులకు అలవాటు. ఫ్యాక్టరీ పెట్టడానికి వచ్చిన కంపెనీ అడిగేవి వేరు: నలభై అడుగుల కంటైనర్ లారీ మలుపు తిరిగే రోడ్డుందా, కరెంటు ఎంత లోడుకు దొరుకుతుంది, మురుగునీరు ఎటు పోతుంది, భూమి హక్కుల్లో చిక్కులున్నాయా. ఈ రెండు లెక్కల మధ్య తేడా ఇప్పటిది కాదు.

1894లో ఇంగ్లండ్‌లో ఓడలు నడిచే మాంచెస్టర్ షిప్ కెనాల్ అనే కాలువ తెరుచుకుంది. రెండేళ్లకు, దాని గట్టునే ఉన్న ట్రాఫర్డ్ వంశీకుల ఎస్టేటును ఎర్నెస్ట్ టెరా హూలీ అనే ఫైనాన్షియర్ 3,60,000 పౌండ్లకు కొన్నారు. సుమారు 1,200 ఎకరాల ఆ నేల ప్రపంచంలో తొలి ప్రణాళికాబద్ధ పారిశ్రామిక వాడగా పేరు పొందింది. అక్కడికి విద్యుత్ యంత్రాలు చేసే వెస్టింగ్‌హౌస్ వంటి సంస్థలను రప్పించింది కాలువ ఒక్కటే కాదు. వాడ లోపల ప్లాట్ల దాకా వేసిన రైలు పట్టాలు కూడా. 1920 తర్వాత ఇంగ్లండ్‌లోనే స్లౌ పట్టణంలో, సైన్యం వాహనాలు బాగుచేసిన పాత డిపో స్థలంలో మరో అడుగు పడింది: నేలతో పాటు కట్టి ఉంచిన షెడ్లను కూడా అద్దెకు ఇవ్వసాగారు. నిరుద్యోగం తీవ్రంగా ఉన్న గేట్స్‌హెడ్ దగ్గర 1936లో మొదలైన టీమ్ వ్యాలీలో అదే పనిని ప్రభుత్వ సొమ్ముతో చేశారు.

అమెరికాలో కథ కోర్టు మెట్లెక్కింది. క్లీవ్‌లాండ్ పక్కనున్న యూక్లిడ్ గ్రామంలో పరిశ్రమలకు అమ్ముదామని ఆంబ్లర్ రియల్టీ అనే భూముల కంపెనీ అట్టిపెట్టుకున్న 68 ఎకరాల్లో కొంత భాగాన్ని గ్రామ పాలకవర్గం నివాసాలకు పరిమితం చేయగా, 1926లో సుప్రీంకోర్టు ఆ జోనింగ్‌ను, అంటే ఏ నేలలో ఏం కట్టవచ్చో విభజించే నిబంధనను, సమర్థించింది. అయితే ఆనాటి జోనింగ్ ఇళ్లను ఫ్యాక్టరీల నుంచి కాపాడిందే గానీ ఫ్యాక్టరీలను ఇళ్ల నుంచి కాపాడలేదు. పారిశ్రామిక జోన్‌లో ఇళ్లు కట్టుకోవడానికి చాలాచోట్ల అడ్డే లేదు. నా దృష్టిలో తర్వాతి చిక్కులకు అసలు వేరు ఇక్కడే ఉంది.

ఈ చరిత్రలో అందరూ చెప్పుకొనే ఉదాహరణ సింగపూర్‌లోని జురోంగ్. చిత్తడి నేలలు, రొయ్యల చెరువులు ఉన్న ఆ ప్రాంతంలో 1961లో ఆర్థిక మంత్రి గో కెంగ్ స్వీ పూనికతో గుట్టలు తవ్వి పల్లాలు పూడ్చడం మొదలైంది. తొలి ఏళ్లలో కంపెనీలు ఆశించినంతగా రాకపోవడంతో జనం దాన్ని ‘గో గారి తెలివితక్కువ పని’ అని ఎగతాళి చేశారు. భూమి చదును చేసిన నాటికీ, యజమాని వచ్చి తాళం తీసే నాటికీ మధ్య ఉండే ఆ ఖాళీ కాలాన్ని భరించడమే ఈ పనిలో అన్నిటికన్నా ఖరీదైన భాగం. సింగపూర్ దాన్ని భరించింది. 1968లో ఏర్పడిన జురోంగ్ టౌన్ కార్పొరేషన్ నేలను అమ్మకుండా లీజుకే ఇవ్వడం వల్ల, గడువు ముగిసిన ప్లాటు మరో పరిశ్రమకు అందుబాటులోకి వచ్చే వీలు మిగిలింది.

అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రం, నేలను ముందే సిద్ధంగా ఉంచాల్సిన ఈ అవసరాన్ని నిబంధనగా మార్చింది. అక్కడి నగరాలు ఉపాధికి 20 ఏళ్లకు సరిపడా నేల ఉందని తమ ప్రణాళికల్లో చూపాలి. దరఖాస్తు చేసిన ఏడాదిలోపు నిర్మాణానికి సిద్ధం కాగల నేలను మహానగర ప్రాంతాల్లోని నగరాలు విడిగా లెక్కించాలి. ఊదా రంగు ఎకరాలనూ సిద్ధమైన ప్లాటునూ వేరుచేసి చూడడమంటే ఇదే.

చికాగోలో ఇబ్బంది కొరత కాదు, కబ్జా లాంటి మార్పు. నది ఒడ్డున పాత ఫ్యాక్టరీల పక్కకు ఖరీదైన ఇళ్లు వచ్చి చేరాయి. అలా వచ్చినవారికి శబ్దం, లారీలు కంటగింపయ్యాయి. నేల ధర పెరిగే కొద్దీ అమ్ముకోవడమే యజమానులకు లాభంగా తోచింది. దాంతో 1988లో క్లైబోర్న్ ప్రాంతాన్ని, నివాసాలకు వీల్లేని రక్షిత తయారీ జిల్లాగా నగరం ప్రకటించింది. 2017లో మాత్రం చికాగో నది ఉత్తర శాఖ వెంబడి ఆ రక్షణను సడలించి, పరిశ్రమల నేలను ఇతర అవసరాలకు మార్చుకునేవారి నుంచి రుసుము వసూలు చేసి, ఇతర పారిశ్రామిక ప్రాంతాల మెరుగుదలకు ఆ సొమ్ము వెచ్చించే పద్ధతిని తెచ్చింది.