క్వార్టర్‌బ్యాక్‌లందరికీ ఒకే రక్షణ ఉందా? ఒక రెఫరీ రాస్తున్న అపోహలు - వాస్తవాలు

శుక్రవారం రాత్రుల్లో టెక్సస్ హైస్కూలు అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లలో తెల్ల టోపీ పెట్టుకొని, బంతి విసిరి దాడిని నడిపే ఆటగాడు అయిన క్వార్టర్‌బ్యాక్ వెనక నిలబడటం నా పని. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌లోనూ ఏడుగురు అధికారులలో తెల్ల టోపీ పెట్టుకున్న రెఫరీ నిలబడే చోటు అదే. బంతి చేతిని వదలగానే స్టేడియం అంతా బంతి వెంట చూస్తుంది, మా చూపు మాత్రం విసిరినవాడి మీదే ఆగిపోవాలి. ఆ బంతిని ఎవరు పట్టుకున్నారన్నది చాలాసార్లు ప్రేక్షకుల కేకలను బట్టే మాకు తెలుస్తుంది. ఆదివారాలు తెలుగు మిత్రుల ఇళ్లలో మ్యాచ్ చూస్తున్నప్పుడు "మహోమ్స్ మీద చెయ్యి పడితే చాలు, జెండా పడుతుంది కదండీ" అని ఎవరో ఒకరు నన్ను తప్పకుండా అడుగుతారు. మహోమ్స్ కాన్సస్ సిటీ తారా క్వార్టర్‌బ్యాక్, జెండా అంటే తప్పు జరిగిందని రెఫరీ నేల మీద వేసే పసుపు గుడ్డ. తీరిగ్గా చెప్పవలసిన జవాబు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: పెద్ద పేరున్న ఆటగాడికి ఒక నియమం, మిగతావారికి మరొకటి.

వాస్తవం: నియమం చూసేది ఆటగాడు ఆ క్షణంలో ఏ స్థితిలో ఉన్నాడన్నది మాత్రమే. పాకెట్‌లో, అంటే సొంత జట్టు బ్లాకర్లు కాపు కాసే చోట, నిలబడి బంతి విసిరే మనిషికి ఎదుటివాడిని చూసుకొనే వీలుండదు, చేయి పైకి లేచి ఉంటుంది, బరువంతా ఒక కాలి మీద ఉంటుంది కాబట్టి అతనికి రక్షణ ఎక్కువ. బంతి వదిలాక డిఫెండర్ రెండో అడుగు నేలను తాకేలోపే తగలాలి, ఆ తరువాత తప్పుకొనే ప్రయత్నం చేయాలి. మోకాలి మీద గాని, అంతకంటే కింద గాని బలంగా కొట్టకూడదు. తలనూ మెడనూ కొట్టకూడదు. ఒంటి బరువంతా వేసి మీద పడకూడదు. వీటిలో ఏది జరిగినా 15 గజాల పెనాల్టీ పడుతుంది, దానితోపాటు విసిరిన జట్టుకు ఫస్ట్ డౌన్, అంటే కొత్తగా నాలుగు ప్రయత్నాలు, కూడా వస్తుంది. అదే క్వార్టర్‌బ్యాక్ పాకెట్ దాటి పరిగెడుతూ విసిరితే, అడుగుల లెక్కా కింది దెబ్బల నుంచి రక్షణా అతనికి ఉండవు. విసిరే ఆలోచన మాని బంతితో ముందుకు పరుగు తీస్తే, నేల మీద జారి పరుగు ముగించి తనను తాను కాపాడుకొనేదాకా అతన్ని మామూలు రన్నర్‌గానే చూస్తారు. క్వార్టర్‌బ్యాక్‌లలో టామ్ బ్రేడీ తన ఆటలో ఎక్కువ భాగం పాకెట్‌లోనే గడిపాడు, లమార్ జాక్సన్ మ్యాచ్ మ్యాచ్‌కూ పాకెట్ బయటికి పరుగులు తీస్తాడు. కాబట్టి వారిద్దరి మీద పడిన జెండాలను పక్కపక్కన పెట్టి లెక్కించినంత మాత్రాన పక్షపాతం రుజువు కాదు.

అపోహ: తారల కోసమే నియమాలు మార్చారు కాబట్టి వాటి లాభమూ వారికే.

వాస్తవం: మొదటి సగం నిజమే. 2006 జనవరిలో ప్లేఆఫ్ మ్యాచ్‌లో సిన్సినాటి క్వార్టర్‌బ్యాక్ కార్సన్ పామర్ మోకాలు దెబ్బతిన్నది, ఆ తరువాత కింది దెబ్బల మీద నియమం బిగిసింది. 2008 సీజన్ తొలి మ్యాచ్‌లోనే నేల మీదున్న డిఫెండర్ తగలడంతో బ్రేడీ మోకాలి లిగమెంట్లు తెగాయి, 2009లో ఆ రకం దెబ్బను నిషేధించారు. 2017లో మిన్నెసోటా డిఫెండర్ ఆంథొనీ బార్ మీద పడటంతో గ్రీన్ బే క్వార్టర్‌బ్యాక్ ఆరన్ రోజర్స్ కాలర్‌బోన్ విరిగింది, మరుసటి ఏడాది ఒంటి బరువు నియమాన్ని గట్టిగా అమలు చేయమన్నారు. అయితే ఆ 2018లో ఎక్కువగా నష్టపోయినవారిలో రోజర్స్ సొంత జట్టే ఉంది. గ్రీన్ బే డిఫెండర్ క్లే మాథ్యూస్ మిన్నెసోటా క్వార్టర్‌బ్యాక్ కిర్క్ కజిన్స్‌ను పడగొట్టినందుకు జెండా పడి, ఆట చివర్లో ఎదుటివారు విసిరిన బంతిని గ్రీన్ బే పట్టేసిన ఇంటర్‌సెప్షన్ రద్దయింది, మ్యాచ్ 29-29తో సమంగా ముగిసింది. తరువాతి వారమే వాషింగ్టన్ క్వార్టర్‌బ్యాక్ అలెక్స్ స్మిత్‌ను పడగొట్టినప్పుడూ మాథ్యూస్ మీదే జెండా పడింది. అదే వారం మరో క్వార్టర్‌బ్యాక్ డెరెక్ కార్ మీద బరువు పడకుండా ఒళ్లు తిప్పుకోబోయిన మయామీ ఆటగాడు విలియం హేస్ మోకాలి లిగమెంట్ తెగి సీజన్‌కే దూరమయ్యాడు. ఆటగాళ్ల శరీరాల గురించి మాట్లాడేటప్పుడు ఆ డిఫెండర్‌ను మరిచిపోకూడదని నేను పదేపదే చెబుతుంటాను.

అపోహ: 2022లో అట్లాంటా డిఫెండర్ గ్రేడీ జారెట్ మీద జెండా వేసింది ఎదుట ఉన్నది బ్రేడీ కాబట్టే.

వాస్తవం: నా దృష్టిలో ఆ నిర్ణయం తప్పు. జారెట్ మామూలుగా పట్టుకొని పడేశాడు. అనవసరంగా నేలకు విసిరాడన్నది రెఫరీ జెరోమ్ బోగర్ ఇచ్చిన వివరణ. కానీ మరుసటి రాత్రే వేరే రెఫరీ కార్ల్ షెఫర్స్, డెరెక్ కార్ చేతిలోంచి బంతి లాక్కుంటూ పడిన కాన్సస్ సిటీ డిఫెండర్ క్రిస్ జోన్స్ మీద అంతకంటే బలహీనమైన జెండా వేశాడు. కార్‌కు బ్రేడీకి ఉన్నంత పేరు లేదు. ఆ రెండు మ్యాచ్‌లకు పది రోజుల ముందు మయామీ క్వార్టర్‌బ్యాక్ తువా టాగోవైలోవా తల నేలకు కొట్టుకొని స్ట్రెచర్ మీద వెళ్లిన దృశ్యాన్ని దేశమంతా చూసింది. అలాంటి రోజుల్లో ప్రతి రెఫరీ చెయ్యీ జెండా మీదే ఉంటుందని స్వానుభవంతో చెప్పగలను. పైగా పాసర్‌కు ప్రమాదం ఉందా లేదా అన్న అనుమానం వస్తే జెండానే వేయమని నియమావళే చెబుతోంది. ఈ మొగ్గు ఉన్నమాట వాస్తవం, అయితే అది క్వార్టర్‌బ్యాక్‌లందరి వైపూ ఉంది.

అపోహ: తప్పు జెండా అయితే కోచ్ వీడియో సమీక్ష కోరుతూ సవాలు చేసి మార్పించవచ్చు కదా.

వాస్తవం: ఈ పెనాల్టీని కోచ్ సవాలు చేయలేడు.

అపోహ: మహోమ్స్‌ను ప్రత్యేకంగా కాపాడుతున్నారు.

వాస్తవం: 2025 జనవరిలో హ్యూస్టన్‌తో జరిగిన ప్లేఆఫ్ మ్యాచ్‌లో, మహోమ్స్ ఆలస్యంగా జారుతున్నప్పుడు ఇద్దరు డిఫెండర్లు ఎక్కువగా ఒకరికొకరు ఢీకొన్నారు, అయినా జెండా పడింది. వ్యాఖ్యాత ట్రాయ్ ఐక్‌మన్ ప్రసారంలోనే ఆక్షేపించాడు, నేనూ ఆయనతో ఏకీభవిస్తాను. రెఫరీలు కాన్సస్ సిటీ పక్షమన్న వాదనను లీగ్ కమిషనర్ రోజర్ గుడెల్ హాస్యాస్పదమని కొట్టిపారేశాడు. నాకు కనిపించేది వేరు. పరుగు చివరి క్షణంలో జారే క్వార్టర్‌బ్యాక్ మీదికి అప్పటికే దూకిన డిఫెండర్ ఆగలేడు, జారినవాడి తలకు తగలనంతవరకు అది తప్పు కూడా కాదు. కానీ కొన్ని గజాల దూరం నుంచి, పూర్తి వేగంలో, తగిలింది తలకా భుజానికా అని తేల్చుకోవడానికి మాకు అర సెకను కూడా ఉండదు. ఆ సందిగ్ధాన్ని వాడుకోవడం మహోమ్స్‌కు బాగా తెలుసు.

అపోహ: అందరినీ ఒకేలా చూస్తారు, తేడా అన్నదే లేదు.

వాస్తవం: ఇది మా వర్గంలో వినిపించే అపోహ, దీన్ని ఒప్పుకోవడం నాకు అన్నిటికంటే కష్టం. కరోలినాకు ఆడిన క్వార్టర్‌బ్యాక్ కామ్ న్యూటన్ ఆరడుగుల ఐదంగుళాల మనిషి, బరువు దాదాపు 111 కిలోలు. 2016 సీజన్ తొలి మ్యాచ్‌లో డెన్వర్ డిఫెండర్లు అతని తలకు పదే పదే హెల్మెట్లతో తగిలారు. చివర్లో పడిన ఒక్క జెండా కూడా, బంతిని కావాలని నేలపాలు చేశాడన్న పెనాల్టీ న్యూటన్ మీద ఉండటంతో చెల్లుకు చెల్లయిపోయింది. అంతకుముందు ఏడాది, ఆ జెండా పొందేంత వయసు నీకింకా రాలేదని రెఫరీ ఎడ్ హోకులీ తనతో అన్నాడని న్యూటన్ చెప్పాడు, హోకులీ ఖండించాడు. ఆ మాట నిజంగా అన్నారా లేదా అన్నదాని కంటే నన్ను వేధించేది డెన్వర్ ఆటే. దెబ్బ ఎంత గట్టిదన్నది మన కన్ను, ఆ దెబ్బ తిన్నవాడి శరీరం ఎంత కదిలిందన్న దాన్ని బట్టి కొలుస్తుంది. సన్నటివాడు వెనక్కి విరుచుకు పడితే జెండా దానంతటదే లేస్తుంది, పెద్ద శరీరం అదే దెబ్బకు కొద్దిగా ఊగి నిలబడితే చెయ్యి ఆగిపోతుంది.

ఇది నాకూ జరిగింది. రెండు సీజన్ల కిందట, జట్టులో అందరికంటే ఎత్తైన ఒక అబ్బాయి గడ్డం కింద హెల్మెట్ తగిలింది, అతను తూలకుండా నిలబడ్డాడు, నేను జెండా వేయలేదు. శనివారం ఉదయం వీడియో చూస్తే అది స్పష్టమైన తప్పు. అప్పటి నుంచి బంతి వెళ్లగానే నేను విసిరినవాడి ముఖం చూడటం మానేశాను. మీదికి వచ్చేవాడి హెల్మెట్ ఎక్కడ తగులుతుందో అక్కడే చూస్తున్నాను.