"బీటీ పత్తికి పురుగెట్ల పడ్తది సార్?"

డిసెంబరు వచ్చిందంటే మా ఆఫీసుకు కవర్లలో పత్తికాయలు వస్తాయి. మొన్న ఒక పెద్దాయన కవరు తెచ్చి నా బల్ల మీద బోర్లించాడు. ఒక కాయ తీసి బొటనవేలితో చీల్చాను. పైకి నున్నగానే ఉంది. లోపల దూది పసుపు తిరిగి ముద్దకట్టింది, గింజను తొలుస్తూ గులాబీ రంగు పురుగు. "నకిలీ విత్తనం అంటగట్టిండు సార్. బీటీ అయితే పురుగెట్ల పడ్తది?" అంటూ షాపాయన మీద కేసు పెడతానన్నాడు. చేనుకు పోయి, ఆకు నలిపి కిట్‌లో పరీక్ష చేశాను. గీత పడింది. బీటీయే.

వ్యవసాయ విస్తరణ అధికారిగా నేను వినే అపోహల్లో రైతును నిలువునా ముంచేది ఇదే: బీటీ వేస్తే ఇక పురుగు రాదని. బీటీ అంటే నేలలో ఉండే ఒక బ్యాక్టీరియా. దాని జన్యువును పత్తిలో చేరిస్తే, పురుగును చంపే ప్రోటీన్ చెట్టులోనే తయారవుతుంది. ఆ ప్రోటీన్ పనిచేసేది కాయతొలిచే పురుగుల మీద. పచ్చదోమ, తెల్లదోమ, తామర పురుగులకు దానితో సంబంధమే లేదు. 2002లో ఒక జన్యువుతో బోల్‌గార్డ్-1 (బీజీ-1), 2006లో రెండు జన్యువులతో బీజీ-2 వచ్చాయి. శనగపచ్చ పురుగు అదుపులోకి వచ్చిన మాట నిజం. గులాబీ పురుగు మాత్రం గుజరాత్‌లో 2010 నాటికే బీజీ-1ను, ఆ తర్వాత బీజీ-2నూ తట్టుకుంది. ఇప్పుడు మన చేలలోనూ అదే కథ.

ఎందుకు తట్టుకుంది? 450 గ్రాముల ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల నాన్-బీటీ గింజలు ఇచ్చేవాళ్లు, గుర్తుందా? అవి చేను చుట్టూ వేయాలి. వాటి మీద బతికే పురుగులు బీటీని ఎరగనివి. బీటీ చేలో చావకుండా మిగిలిన ఒకటీ అరాతో అవి జతకడితే, పుట్టే సంతానం మళ్లీ బీటీకి చస్తుంది. మా ఇంట్లోనే ఆ ప్యాకెట్ కొట్టంలో మూలకు పోయింది. అగ్రికల్చర్ చదివొచ్చి నేను చెప్పబోతే మా నాన్న నవ్వాడు: "పురుగు కోసం పంట పెట్టుమంటవారా?" నా దగ్గర జవాబుంది, కానీ గట్టిగా చెప్పలేకపోయాను. తర్వాత ఆ గింజల్ని అదే ప్యాకెట్‌లో కలిపి ఇవ్వడం మొదలుపెట్టారు.

ఇంకో తిరకాసు కూడా ఉంది. మనం వేసేవన్నీ హైబ్రిడ్లు కాబట్టి కాయలోని గింజలన్నిటికీ బీటీ గుణం ఒకేలా రాదు. కొన్నిటికి రెండు జన్యువులూ వస్తాయి, కొన్నిటికి ఒకటే, కొన్ని బీటీ లేని వట్టి గింజలు. పురుగు తినేది ఆ గింజనే. సగం విషంతో రాటుదేలింది.

కాయలోకి దూరాక ఏ మందు కొట్టినా దానికి తగలదు. అందుకే పూత మొదలవక ముందే లింగాకర్షక బుట్టలు (ఆడ పురుగు వాసన ఎరగా మగ పురుగుల్ని పట్టేవి) పెట్టండి. వరసగా మూడు రాత్రులు, రాత్రికి బుట్టకు 8 రెక్కల పురుగుల చొప్పున పడితే అప్పుడు మందు కొట్టండి. గుడ్డిపూలు (రేకులు విచ్చుకోకుండా ముడుచుకుపోయిన పూలు) కనబడితే తుంచి కాల్చేయండి. అన్నిటికంటే ముఖ్యం, డిసెంబరు చివరికల్లా చేను ఖాళీ చేయండి. ఆ పురుగుకు దాదాపు పత్తే దిక్కు. నీళ్లు కట్టి సాగదీసిన చేనే దానికి పుట్టిల్లు. పెద్దాయనకు ఇదే చెప్పాను. అన్నీ విని, చెట్టు కొసన ఉన్న నాలుగు పూల వైపు చూశాడు. "ఇంకో ఏరుడు వస్తది గద సార్."

తక్కిన అపోహలు గబగబా చెప్పేస్తాను. మా చిన్నమ్మ హైదరాబాద్ నుంచి ఫోన్ చేసింది: "బిడ్డా, వాట్సాప్‌ల ఏదో వచ్చింది. పత్తిగింజల నూనె పిల్లలకు పెట్టొచ్చా?" పిల్లలకు వండి పెట్టే మనిషి ఆ మాత్రం భయపడుతుంది, తప్పు లేదు. బీటీ ప్రోటీన్ పనిచేయాలంటే పురుగు పేగులో ఉండే క్షారగుణం కావాలి, అది అతుక్కునే చోటూ కావాలి. మన కడుపులో ఉన్నది ఆమ్లం, మామూలు ప్రోటీన్ లాగే అరిగిపోతుంది. రిఫైన్డ్ నూనెలో అయితే ప్రోటీన్ మిగిలేదే దాదాపు సున్నా. నిశ్చింతగా వాడు చిన్నమ్మా అన్నాను.

గట్టి తోలు టమాటా, గింజల్లేని ద్రాక్ష జీఎం (జన్యుమార్పిడి పంటలు) అంటూ తిరిగే వీడియోలకు నాకు ఓపిక లేదు. దేశంలో రైతులు సాగు చేస్తున్న అనుమతి ఉన్న జీఎం పంట పత్తి ఒక్కటే. బీటీ వంకాయను 2010లో కేంద్రం ఆపేసింది. ఆవాలకు 2022లో పర్యావరణ అనుమతి వచ్చింది గానీ అది సుప్రీంకోర్టుకెక్కింది.

బీటీ గింజ మళ్లీ మొలవదన్నదీ అబద్ధమే. మొలుస్తుంది, కాకపోతే హైబ్రిడ్ కనుక రెండో ఏడు చేను ఒక్క తీరుగా రాదు.

2006లో వరంగల్ వైపు గొర్రెలు చచ్చిపోయింది బీటీ ఆకు తినే అన్నారు. రుజువు కాలేదు. అయినా మందు కొట్టిన చేలో మందను తోలకండి, బీటీ అయినా కాకపోయినా.

నాకు నిజంగా కోపం తెప్పించేది గడ్డిమందు పత్తి, అంటే గడ్డిమందు కొట్టినా చావని పత్తి. బీజీ-3 అని చెవిలో చెప్పి లూజుగా అమ్ముతున్నారు. దానికి అనుమతి లేదు. బీటీ పేరు వింటేనే భయపడే మనుషులే, ఆ చేలో మూతికి గుడ్డ కూడా లేకుండా గ్లైఫోసేట్ అనే గడ్డిమందు కొడుతుంటారు. బిల్లు ఇవ్వరు గనుక గింజ మొలవకపోతే అడిగే దిక్కు కూడా ఉండదు.