హిట్లర్ బొమ్మ నాణెం: అపోహలు - వాస్తవాలు

పోయిన వారం జమ్మలమడుగు నుంచి ఒక పిల్లోడు వచ్చినాడు. డిగ్రీ రెండో సంవత్సరమట. జేబులోంచి పేపరు మడత తీసి, అందులోని బిళ్లను నా బల్ల మీద పెట్టి, "అన్నా, హిట్లర్ నాణెం. ఫోన్లో పదహైదు లక్షలిస్తామన్నారు. ఒరిజినలేనని నువ్వొక్క మాట చెప్తే చాలు" అన్నాడు.

ప్రొద్దుటూరులో ఇరవై ఏళ్లుగా పాత నాణేలు కొంటున్నా, అమ్ముతున్నా. ఈ మాట నెలకొకసారన్నా వింటా. ఇంక విని ఊరుకునే ఓపిక లేదు, అందుకే రాస్తున్నా.

అపోహ: హిట్లర్ తల ఉన్న జర్మనీ నాణెం దొరికితే లక్షలొస్తాయి.

వాస్తవం: అట్లాంటి నాణెమే లేదు. 1933 నుంచి 1945 దాకా జర్మనీ చలామణీకి వదిలిన ఏ నాణెం మీదా హిట్లర్ ముఖం లేదు. తపాలా బిళ్లల మీద ఉంది, పతకాల మీద ఉంది, నాణెం మీద లేదు. ఐదు మార్కుల (మార్కు అంటే అప్పటి జర్మనీ డబ్బు) వెండి బిళ్ల మీద కనిపించే పెద్ద మీసాల ముసలాయన హిండెన్‌బర్గ్. హిట్లర్‌ను ఛాన్సలర్‌గా నియమించిన అధ్యక్షుడు, 1934లో చనిపోయినాడు. ఆయన బొమ్మతో 1935 నుంచి 1939 దాకా బిళ్లలు వేసినారు. 1936లో వెనకవైపు గద్ద కాళ్ల కింద స్వస్తిక వచ్చి చేరింది. హిట్లర్ తలతో నాణేలని చెప్పి ఇప్పుడు తిరిగేవి దాదాపు అన్నీ ఎవరో తర్వాత అచ్చు కొట్టి పూత వేసినవి.

ఆ పిల్లోడి బిళ్లను కాటా మీద పెట్టినా. అసలు ఐదు మార్కుల బిళ్ల 13.88 గ్రాములు తూగాలి, 90 టచ్ వెండి, అంటే నూటికి తొంభై పాళ్లు మేలిమి. ఇది 21 గ్రాములు తూగింది. అయస్కాంతం దగ్గరికి తెస్తే టక్కున అతుక్కుంది. వెండి అతుక్కోదు. భూతద్దంలో చూస్తే అంచు చుట్టూ సన్నగా అతుకు గీత. అసలు బిళ్ల అంచు మీద జర్మన్ అక్షరాలు ఉంటాయి, దీని అంచు నున్నగా ఉంది. ఇదంతా వాడికే చూపించినా, వాడి చేతే తూకం వేయించినా.

"ఆ ఫోన్ వాళ్లకు ఎంత కట్టినావు నాయనా?" అని అడిగితే తల వంచుకున్నాడు. రిజిస్ట్రేషన్ అని 1,100, జీఎస్టీ అని 8,500, రిజర్వు బ్యాంకు సర్టిఫికెట్ అని 22,000. వాళ్లమ్మ కమ్మలు కుదువ పెట్టినాడట.

మా కస్టమర్లకు ఎక్కువ నష్టం తెస్తున్నది ఈ ఫీజులే. బిళ్ల నకిలీ అయితే పోయేది వందో రెండు వందలో. ఫీజులు కట్టడం మొదలుపెడితే ఇల్లే ఊడ్చుకుపోతుంది. సరుకు అమ్మేవాడికి డబ్బు వస్తుంది గానీ, వాడే ఎందుకు కట్టాలి? పాత నాణేల కొనుగోళ్లతో తనకు సంబంధం లేదని, ఏ రుసుమూ తీసుకోనని, తన పేరుతో వసూలు చేసే అధికారం ఎవరికీ ఇవ్వలేదని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటించింది. వాట్సాప్‌లో ఆ బ్యాంకు ముద్రతో వచ్చే కాగితం ఎంత ముచ్చటగా ఉన్నా నమ్మొద్దు. కట్టేసి ఉంటే సిగ్గుపడి ఇంట్లో కూర్చోవద్దు, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఆ పిల్లోడి చేత నా అంగట్లోంచే చేయించినా. మోసపోవడం వాడి తప్పు కాదు. ఆ మాట వాళ్లమ్మకు కూడా ఫోన్లో చెప్పినా.

మరి అసలు బిళ్ల ధర ఎంత? ఐదు మార్కుల దాంట్లో 12.5 గ్రాముల మేలిమి వెండి ఉంది. రెండు మార్కులది 8 గ్రాములు, 62.5 టచ్, మేలిమి 5 గ్రాములు. మా ఊర్లో చిన్న పిల్లోడు కూడా ఆ రోజు రేటుతో లెక్క కట్టగలడు. దాని మీద కండిషన్‌కు, ఏ టంకశాలలో వేసినారో చెప్పే అక్షరానికి కొంత కలుస్తుంది. యుద్ధకాలంలో జర్మనీ వేసిన జింకు చిల్లర బిళ్లలు చాలా చౌక.

ఇటలీ నియంత ముస్సోలినీదీ ఇదే కథ. ఇటలీ చలామణీ నాణేల మీద ఉన్నది రాజు మూడో విక్టర్ ఇమాన్యుయేల్. 1940 పక్కన రోమన్ అంకెల్లో 18 కనిపిస్తే అది దేవరహస్యం కాదు, 1922 నుంచి ముస్సోలినీ పార్టీవాళ్లు, అంటే ఫాసిస్టులు, లెక్కపెట్టుకున్న సంవత్సరం. బతికుండగానే తన ముఖం వేయించుకున్నవాడు స్పెయిన్ నియంత ఫ్రాంకో. ఆయన 100 పెసెటాల వెండి బిళ్ల మీద 1966 అని ఉంటుంది గానీ, అసలు ముద్రించిన సంవత్సరం చిన్న నక్షత్రంలో దాక్కుని ఉంటుంది. భూతద్దం పెట్టి చూడండి. 69 కనిపిస్తే నాకు చెప్పండి, అది అరుదు.

కువైట్ నుంచి తెచ్చిన, సద్దాం బొమ్మ ఉన్న ఇరాక్ నోట్ల విలువ మళ్లీ లేస్తుందా అని రాయచోటి వాళ్లు అడుగుతుంటారు. లేవదు. మార్చుకునే గడువు 2004 జనవరి 15తోనే అయిపోయింది. ఆల్బంలో పెట్టుకోండి.

స్వస్తిక ఉన్న బిళ్ల ఇంట్లో ఉంటే పోలీసులు పట్టుకుంటారా? మన దేశంలో అట్లాంటి చట్టం లేదు. జర్మనీలో ఆ గుర్తును బయట ప్రదర్శించడం మీద ఆంక్షలున్నాయి.

దీనికి తిరగబడిన అపోహ ఇంకోటుంది, నా మనసుకు బాగా కష్టమైంది అదే. మైదుకూరు దగ్గర ఒక పెద్దావిడ ఇంటికి పిలిస్తే పోయినా. మామగారు మిలిటరీలో ఉండి ఇటలీ యుద్ధం నుంచి తెచ్చిన బిళ్లట. పూజ పీట మీద, లక్ష్మీదేవి పటం ముందర ఉంది. 1937 ఐదు మార్కులు, అసలుదే. స్వస్తిక ఉంది కదా అని ముప్పై ఏళ్లుగా శుక్రవారం శుక్రవారం చింతపండుతో తోమి కుంకుమ పెడుతోంది. గద్ద ఈకలు అరిగి నున్నగా అయిపోయినాయి, హిండెన్‌బర్గ్ చెవి కనపడలేదు. తోమకుండా ఉంటే ధర ఇంకా బాగుండేది, ఏ నాణేన్నీ తోమొద్దు.

"ఇది అమ్మవారి గుర్తు కాదా నాయనా?" అని అడిగింది. కాదమ్మా, ఈ గుర్తు పెట్టుకున్న సర్కారు 60 లక్షల మంది యూదులను చంపింది అని చెప్పినా. చాలాసేపు పలకలేదు. చీర కొంగుతో కుంకుమ తుడిచింది. అమ్ముతావా అని నేను అడగలేదు. ఆమె లేచి బీరువా తెరిచి, మామగారి డిశ్చార్జి కాగితం మడతలో ఆ బిళ్లను పెట్టింది.